రెండు చెవుల గరిజె

శనివారం, పెత్తర అమాస

పొద్దుగాల పెద్దలకు పెట్టిన. మా నాయనకొక ఆకు, అవ్వకొక ఆకు, మా ముసల్ది మైసమ్మకొక ఆకు. తమ్ముడు బుచ్చయ్య ఇంకొక మోదుగ విస్తరి కుట్టి తెచ్చి నా పక్కన పెట్టిండు. పెట్టి నిలబడ్డడు.

ఎవనికిరా ఇది అన్న.

అన్నా, అన్నడు. గంతే.

ఆ విస్తరిల తవుడు ముద్ద పెట్టి కర్రెద్దు ముందర వేసిన. అది ఆకుతో సహా నమిలింది. బుచ్చయ్య మొకం చూడాలె.

నా కొడుకు కొండలు బతికున్నడు. వడ్ల బండి కట్టుకొని మిర్యాలగూడ మిల్లుకు పోయిండు. గడబిడల తొవ్వలు బందయినయి. ఎక్కడోళ్లు అక్కడ ఆగిపోయిండ్రు, వీడూ ఆగిండు. ఇప్పుడు మిలట్రీ వచ్చింది, గడబిడ ఖతమయింది, ఒక్కొక్కడు ఇంటి ముఖం పడుతున్నడు. వీడూ పడతడు. రెండెద్దులల్ల కర్రెద్దు ముందుగాల వచ్చింది. మెడల పలుపు ముక్క ఏలాడుతుండె. ఒరిసి తెగింది. నేను చూసిన.

రోజు ఇంత రాయమని కొండలే చెప్పిండు. రాయకపోతే నేర్చినయి పోతయట. సంఘపోళ్ల బడిల వాడు నేర్చుకొచ్చి, ఈ ముసలి చేతికి పలక పట్టిచ్చిండు. ఎర్ర సుద్దతోని తప్పులకాడ గీతలు పెడతడు, మీసాల కింద నవ్వుతడు. వచ్చినంక ఇవన్ని దిద్దుతడు. వేరే ఎవరికీ చూపేటిది కాదు.

అదే రోజు, దీపాలు పెట్టినంక

పొద్దటిది రాసి ఊకుందమనుకున్న. ఊకుండ బుద్ధయితలేదు.

బుచ్చయ్య పెండ్లాం కాటమ్మ పళ్ళెం తెచ్చింది. ఇత్తడిది, మీద ఆకు కప్పింది. గారెలు. లోపలికి రాలె, గడప బయటనే పెట్టింది.

"పోరగాళ్లు తింటరని తెచ్చిన బావా."

"మా ఇంట్ల మూకుడు లేదా?"

"ఉంటది బావా, ఎందుకుండది. అయితే ఇప్పుడు…"

"ఇప్పుడు ఏమయింది?"

కొంగు నోట్ల పెట్టుకున్నది. నాకు కాలింది. సావయిన ఇంట్ల ఏడాదిదాక మూకుడు ఎక్కదు, అన్నదమ్ముల పాలోళ్లు పళ్ళెం తెచ్చి గడప బయట పెడతరు, ఆ పళ్ళెం ఖాళీగ తిరిగి పోతది. ఈ ఊర్ల పాలు తాగే పిల్లకు గూడ తెలుసు. బతికిన ఇంటినుంచి పళ్ళెం ఎప్పుడు ఖాళీగ పోదు, ఏం లేకుంటే ఇంత ఉప్పన్న వేసి పంపుతరు.

గారెలు కుక్కకేసిన. పళ్ళెం నిండ జొన్నలు పోసి, కుప్ప చేసి, నేనే తీసుకపోయి వాళ్ల వాకిట్ల పెట్టొచ్చిన. వాడకట్టు వాడకట్టంత చూసింది. చూడనియ్యి.

దసరకు నా ఇంట్ల మూకుడు ఎక్కుతది. నువ్వులు, బెల్లం కూరి గరిజెలు చేపిస్త. నూనె వాసన మునగాల దాక పోవాలె.

ఆదివారం

ఆండాలు నిన్న బతుకమ్మకు పోలె. తలకాయ నొస్తుందన్నది. నా కోడలు గొడ్డు తీరు పనిచేసే మనిషి, దానికెన్నడు తలకాయ నొయ్యలె. ఇయ్యాల నేనే చెలకలకు పోయి గంప నిండ తంగేడు పువ్వు తెచ్చి ముందర పోసిన.

"పో బిడ్డా. పేర్చుకొని పో."

"మామా, నలుగురు నాలుగు తీర్ల చూస్తరు."

"సూడనియ్యి. వాళ్ల కండ్లకు మనం కిరాయి కడుతున్నమా?"

పోయింది. చప్పట్లు నాకు ఇంటికాడికే ఇనబడ్డయి. అందుల ఆమెవి ఏవో తెలువది గని ఉన్నయి.

సోమవారం

గాజుల సప్పుడు ఉన్నది.

ఇది ఎందుకు రాస్తున్ననంటే, పొద్దుగాల లేవంగనే పొయ్యి కాడ ఆండాలు గాజులు ఇనబడితేనే నాకు నోట్లకు బువ్వ పోతది. గడబిడల నెలంత ఆమె పోరగాళ్లతో మునగాలల తల్లిగారింట ఉన్నది. అప్పుడు ఈ ఇల్లు పాడుపడ్డ కొట్టం తీరుగ ఉండె. ఆమె పోకముందు ఒకనాడు గాజులు ఇనబడక "ఏం బిడ్డా, సప్పుడు లేదేంది" అని అరిచిన గూడ. నవ్వి, చెయ్యి ఊపి చూపింది.

మంగళవారం

సూర్యాపేట పోయిన. కాంపుకాడ అడిగిన. పట్టుబడ్డోళ్లల్ల పేరు లేదన్నరు. దవాఖానకాడ అడిగిన, ఆడ గూడ లేదు. ఎక్కడ పేరు లేకపోతే మంచిదే.

జాన్‌పహాడ్ దర్గాల ఉన్నడేమో. మనుమడు పుట్టినప్పుడు ఆడనే మొక్కి సైదులని పేరు పెట్టిండు. తొవ్వల భయమయితే మనిషి దర్గాలనే గద ఆగేది.

కాళ్లు నిలుస్తలేవు. కూసుంటే లేవబుద్ధయితది, లేస్తే యాడికి పోవాల్నో తెలుస్తలేదు.

బుధవారం

బుచ్చయ్య కొట్టంలకు వచ్చిండు. కర్రెద్దు మెడకున్న పలుపు ముక్క నేను ఇప్పి చూరుల దోపిన, అది అడిగిండు. ఇయ్యలె.

"అన్నా, నువ్వు పేనిన తాడు తెగిందంటే నేను నమ్మ. నలభై ఊర్లోళ్లు నీ పలుపులు కొనుకపోతరు. ఏనుగును కట్టినా తెగదని నువ్వే అంటవు గద."

"ముసలి చేతులురా. పేట వదులయింది."

"నువ్వు గా మాట అన్నవా? నువ్వా?"

"అన్న. పోయినేడు జనుము మంచిది రాలె. నానింది తక్కువ. తెగింది. నీకేం నొప్పి?"

వాడు కర్రెద్దు మెడ నిమిరిండు. బువ్వ తిన్నవా అన్నడు. పోయిండు.

జనుము మంచిది రాలె. ఒరిసి తెగింది.

గురువారం

పాలకీడు యాదగిరి వచ్చిండు. వాడూ బండి తోలేటోడే, కొండలు దోస్తు. బండ్ల సంగతులేవో మాట్లాడిండు. మజ్జిగ తాగి పోయిండు.

ఆండాలుకు ఏం చెప్పొద్దని వాని చెయ్యి నా నెత్తిమీద పెట్టిచ్చుకొని ఒట్టేయించిన. వాడు తలకాయ దించుకొని ఒట్టేసిండు.

ఎండ బాగ కొడుతున్నది.

శుక్రవారం

గాజుల సప్పుడు ఉన్నది.

తాడు పేనుదమని కూసున్న. జనుము చేతుల పట్టుకొని అట్లనే ఉన్న. సైదులు వచ్చి "తాతా, నిద్రపోతున్నవా" అని కండ్లల్ల ఏలు పెట్టిండు. ఆరేండ్లు రాలె, అన్ని వాళ్ల నాయన వేషాలే.

శనివారం

కోదాడ పోయిన. పోరగాళ్లిద్దరు ఎంట పడ్డరు. నర్సి నడిచింది. సైదులు మునగాల దాటినంక నా భుజమ్మీద ఎక్కిండు.

గోధుమలు, బెల్లం, కొబ్బరి కుడుకలు, నువ్వులు. కొట్టాయన అటు ఆంధ్ర దిక్కు మనిషి, అన్నిటికి గారు పెడతడు.

"తాతగారూ, గట్టిగానే కొంటున్నారే! పండక్కి అల్లుడుగారు వస్తున్నారా?"

"కొడుకొస్తున్నడు."

అనేసిన. నోట్లకెల్లి వచ్చినంక నాకే ఎట్లనో అయింది. నర్సి నా దిక్కు చూసింది. తొమ్మిదేండ్ల పిల్ల, అవ్వ పోలికె, అన్ని చూస్తది, ఒక్కటి అడగది. సైదులు మాత్రం అంగడి నడిమిట్ల ఎగురుడు పెట్టిండు. "నాయనొస్తుండు, నాయనొస్తుండు!"

ఆయన ఒక బెల్లం ముక్క వాని చేతిల పెట్టి "మీ నాన్నకి నా నమస్కారం చెప్పు బాబూ" అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు తొవ్వ పొడుగయినట్టయింది.

ఆదివారం

కయ్యమయింది.

సామాన్లు ముందర పెట్టంగనే ఆండాలు వాటిని ముట్టలె.

"ఈయేడు మూకుడు వద్దు మామా."

"ఎందుకు వద్దు?"

"నూనె లేదు."

"గానుగోళ్లకు చెప్పిన. తెస్తరు."

"నాకు ఓపిక లేదు."

"నీకు లేకుంటే నేను చేస్త. నేను, పోరగాళ్లు. నువ్వు పక్కకు కూసో."

"మామా, జర నా మాట ఇను. వచ్చేయేడు చేసుకుందం. పోరగాళ్లకు బెల్లం ముద్దలు చేసిస్త, మలీద చేసిస్త. మూకుడు ఒక్కటి వద్దు."

అప్పుడు నేనన్న మాట రాయాలంటే చెయ్యి వస్తలేదు. అయినా అన్నదే గద. "నీ మొగడు వస్తడని నీకు లేదా? ఊర్ల ఆడోళ్ల లెక్క నువ్వు గూడ వాన్ని సంపి కూసున్నవా?" అన్న.

ఆమె కొంగు నడుముల దోపింది. ఎనుకకు తిరిగి మూలకున్న ఇసుర్రాయి గుంజింది. గోధుమలు పోసి తిప్పబట్టింది. రాయి సప్పుడు, దానిమీద గాజుల సప్పుడు. అట్ల శానసేపు. పిండి తెల్లగ రాలింది.

గెలిచిన అనుకున్న. బువ్వ తినలె.

సోమవారం, సద్దుల బతుకమ్మ

పోరగాళ్లతో పొడి కొట్టిన. నువ్వులు దోరగ ఏంచి రోట్ల వేసి నేను దంచుతుంటే, నర్సి కుడుకలు తురిమింది, సైదులు బెల్లం కొట్టిండు. కొట్టిందానికంటే తిన్నది ఎక్కువ. నోరు సూపియ్యరా అంటే పెదవులు బిగబట్టి తలకాయ ఊపిండు, ముక్కులకెల్లి నువ్వులు వచ్చినయి.

గోడ మీదికెల్లి కాటమ్మ చూసింది.

"ఏం బావా, తాడు పేనే చేతులతోని రోకలి పట్టినవు? మీసాలకు నువ్వుల పొడి అంటింది సూస్కో."

"నీ మొగని మీసాలు సూస్కపో, నూనె లేక రాలిపోతున్నయి."

"రాలిపోతే పోనియ్యి, నీకన్న పాతిక ఎంట్రుకలు ఎక్కువనే ఉన్నయి."

నవ్వింది. నేనూ నవ్విన. మళ్ల ఆమె ఏదో గుర్తుకొచ్చినట్టు మొకం దించుకొని పోయింది. ఆ దించుకునుడే నాకు పడది.

మాపటికి ఆండాలు సద్దుల బతుకమ్మ ఎత్తుకొని పోయింది. గునుగు, తంగేడు, నడుమంత ఎత్తు. మంచి చీర కట్టింది. గాజులున్నయి.

యాదగిరి మాట ఒక్కటే చెవుల తిరుగుతున్నది. రాసేస్తే పోతదేమో. వాడేమన్నడంటే: "పెద్దయ్యా, పాలకీడు దాటినంక వాగు ఒర్రెల బండి కాలిపోయి ఉన్నది. తెల్లెద్దు కాడి కిందనే పడ్డది. మనిషిని ఆ పక్క ఊరోళ్లు పూడ్చిండ్రంట." నువ్వు చూసినవారా అన్న. "బండిని చూసిన. మనిషిని చూడలె." చూడనోనివి నోరు మూసుకో అన్న.

వాడు మనిషిని చూడలె. అదే మాట. చూడలె.

మంగళవారం, దసర

ఇది ఒక్కసారికి రాసేటిది కాదు. ఆగుకుంట రాస్తున్న.

పొద్దుగాల తానాలు చేసి కూసున్నం. ఆండాలు పిండి తడిపింది, ఉండలు చేసి పూరీలు వత్తింది. మూకుడుల నూనె పోసి పొయ్యి మీద నేనే ఎక్కిచ్చిన. తలుపులు రెండు బార్ల తెరిచిన. వాసన పోవాలె గద.

పూరీల పొడి పెట్టి, మడిచి, అంచు తడి చేసి నొక్కుడు. చూస్తే ఏం లేదు. నర్సి నొక్కినయి బాగనే ఉన్నయి. సైదులు పూరీ కడుపు నిండ పొడి కూరి పైకెల్లి నొక్కిండు. నూనెల పడంగనే పగిలింది. నువ్వులన్ని బయటికి ఉరికి నల్లగ మాడినయి, పొగ లేసింది.

"ఏం సంపినవురా నా గరిజెను!" అని నర్సి.

"నేను సంపలె, అదే సచ్చింది!" అని వాడు.

ఆండాలు చిల్లులగంటె పట్టుకొని అట్లనే ఆగింది. నేను దగ్గిన.

"ఇటియ్యి" అని పూరీ నేను అందుకున్న. అంచు నొక్కితే ఆగది, పేనాలె. బొటనేలుతోని ఒక మడత, మీద ఇంకొక మడత, తాడు పేట కలిపినట్టు కలుపుకుంట పోవాలె. ఒక్కటి చేసి చూసిన. అంచు చిన్న పలుపు తీరుగ వచ్చింది. నూనెల వేస్తే ఉబ్బింది గని ఇడవలె. బంగారం తీరుగ తేలింది.

సైదులు చప్పట్లు కొట్టిండు. "తాత గరిజెకు పలుపు పేనిండు! ఎద్దుకు కడతవా తాతా?"

ఆండాలు నవ్వింది. మునగాలకెల్లి వచ్చినంక నవ్వుడు ఇదే. ఆ నవ్వు మంచిగ లేదు. అలసిపోయినోళ్లు నవ్వే తీరుగ ఉన్నది.

నర్సి ఒక్కటి తీసి రెండు కొనలను పైకి మలిచి చెవులు పెట్టింది. కుందేలు తీరుగ. "ఇది నాయనది" అన్నది. అవును. కొండలు చిన్నప్పుడు వాళ్లవ్వ పక్క కూసొని తన గరిజెకు రెండు చెవులు పెట్టుకునేటోడు. ఎవరూ తినకుండ గుర్తు. పెండ్లయి పిల్లలయినంక గూడ ఇడవలె. డబ్బల చెయ్యి పెట్టి తడిమి చెవులున్నది తీసుకునేటోడు. నవ్వితే, "నా సొమ్ము నాకు దొరకాలె గద నాయనా" అనేటోడు.

అది మొదటి వాయిల వేసిన. మంచిగ కాలింది. చల్లారినంక ఉట్టిల పెట్టిన. వచ్చినంక తింటడు.

మొదటి వాయి ఎప్పుడు పెద్దలకు పెట్టేదే. మైసమ్మ గూట్ల ఆకు పరిచి ఒక్కటి పెట్టిన. ఆండాలు చూసింది, ఉట్టిని చూసింది, మళ్ల మూకుడు దిక్కు తిరిగింది.

—

అప్పటికి ఆండాలు నీళ్లకు పోయింది. నేను, పోరగాళ్లు మిగిలిన పూరీలు మడుస్తున్నం. నర్సి ఏలు తడిచేసుకుంట, ఊరికే అడిగినట్టు అడిగింది.

"తాతా, అమ్మ గాజులంటే నీకు గంత ఇష్టమా?"

"ఏందే గా మాట?"

"బాయి కాడ తీసి గట్టు మీద పెట్టింది. యాదగిరి మామ ఏదో చెప్పి మన ఇంటి దిక్కు పోయినంక. అన్ని తీసింది. సేతులు సూసుకున్నది. నేను ఎందుకమ్మా అంటే, ఏం లేదన్నది. మళ్ల ఒక్కొక్కటి ఏసుకున్నది."

నా చేతిల పూరీ చినిగింది.

"ఏసుకుంట ఏమన్నది?"

"మీ తాత సప్పుడు ఇనకపోతే బువ్వ తినడు బిడ్డా అన్నది. నీకు చెప్పొద్దన్నది. చెప్పిన. కొడతదా?"

"కొట్టది."

అంటే యాదగిరి బాయి కాడ ముందుగాల ఆమెకు చెప్పిండు. నా దగ్గరికి తర్వాత వచ్చిండు. నేను వానితో ఒట్టేయించుకుంటుంటే అందుకే తలకాయ దించిండు. నేను ఆమెకు తెలువదనుకొని తిరుగుతున్న. ఆమె నాకు తెలువదనుకొని తంగేడు పువ్వు నెత్తిన పెట్టుకొని, మంచి చీర కట్టుకొని, చప్పట్లు కొట్టింది. మూకుడు వద్దు మామా అని ఎంత బతిమాలింది. నేనేమన్న. వాన్ని సంపి కూసున్నవా అన్న.

పిండి చేతులతోనే కొట్టంలకు పోయిన. చూరులకెల్లి ఆ ముక్క తీసిన. ఎలుతురుల పట్టిన.

ఒరిసిన తాడు గడ్డం తీరుగ ఉంటది. ఒక్కొక్క పోగు ఒక్కొక్క పొడుగు. ఇది అట్ల లేదు. మూడు పేటలు ఒక్క తీరుగ, ఒక్క ఏటుతో. కొడవలి కోత. వచ్చిన్నాడే చూసిన. చేతుల పట్టుకోంగనే తెలిసింది. నా చేతి తాడు తెగది. ఎన్నడు తెగలె. ఈ పదొద్దులు నా పనినే నేను తిట్టుకున్న, జనుమును తిట్టిన, ముసలి చేతులన్న.

కోసింది ఎవరు? దొంగ అయితే ఎద్దును ఇడుస్తడా, తోలుకపోతడు. కాలబెట్టేటోడికి పలుపు కోసే పనేంది? బండిల వరిగడ్డి కోసే కొడవలి కొండలుదే ఉంటది. కాడికి కట్టిన కర్రెద్దును వాడే ఇడిపిచ్చిండు. రెండోదాన్ని ఇడిపియ్యనీకె టైం దొరకలె. ఉరికేంత టైం దొరికింది వానికి. దాన్ని ఎద్దుకు ఇచ్చిండు.

కర్రెద్దు నా చేతులకున్న పిండిని నాకింది. దాని గంగడోలు పట్టుకొని నిలబడ్డ. శానసేపు.

—

ఆండాలు నీళ్ల బిందె దించుతుంటే చెప్పిన.

"యాదగిరి నాకు గూడ చెప్పిండు బిడ్డా."

ఆమె బిందె మీద చెయ్యి అట్లనే పెట్టింది. నా మొకం చూసింది. ఇగ ఏం దాచేది లేనట్టు గోడకు ఒరిగి కూసున్నది. ఏడుస్తదనుకున్న. ఏడువలె. ఊపిరి ఇడిసింది, మూట దించినట్టు.

"ఎప్పుడు మామా?"

"నీకు చెప్పిన్నాడే."

"మరి మూకుడు…"

"నువ్వు ఇరిగిపోతవనుకున్న."

"నేను నీ గురించే అనుకున్న."

అంతే అనుకున్నం. పొయ్యి మీద నూనె ఇంక కాగుతనే ఉన్నది. ఆమె లేచి కట్టెలు ఎనుకకు గుంజింది. మూకుడు నేను దించిన.

ఉట్టిలకెల్లి రెండు చెవుల గరిజె తీసి, మైసమ్మ ఆకుల, ఆమె గరిజె పక్కన పెట్టిన. పోరగాళ్లను పిలిచి దండం పెట్టించిన. సైదులు అడిగిండు, "నాయన రాడా?" అని.

"రాడు."

"కోదాడల వస్తడంటివి?"

"అబద్ధం చెప్పిన. తాత అబద్ధం చెప్పిండు."

వాడు ఏడ్చిండు. నర్సి ఏడువలె, వాన్ని ఒళ్లెకు గుంజుకున్నది. పెద్దల ముందర పెట్టింది పిల్లలే తినాలె. కొద్దిసేపాగి ఆ గరిజెను ఇరిచి, ఒక చెవి వానికి, ఒక చెవి దానికి ఇచ్చిన. వాడు ఏడ్చుకుంటనే తిన్నడు. బాగుందన్నడు.

—

మాపటికి బుచ్చయ్య జమ్మి ఆకు పట్టుకొని వచ్చిండు. ఎనుక కాటమ్మ, ఇత్తడి పళ్ళెం, మీద ఆకు. నూనె వాసన ఇంట్లకెల్లి వాకిట్లకు గుప్పుమంటున్నది. పళ్ళెం యాడ పెట్టాల్నో తెలువక గడప బయట ఆగింది. మళ్ల జొన్నలు నెత్తిన పోస్తనేమోనని బుచ్చయ్య అడ్డం వచ్చిండు.

"అన్నా, పండుగ పూట కయ్యం వద్దు. అది ఇననే ఇనలె, తెచ్చింది."

నేను గడప దాటి బయటికి పోయి కాటమ్మ చేతులకెల్లి పళ్ళెం అందుకున్న. రెండు చేతులతో. అప్పాలు. ఒక్కొక్కటి తీసి మా గిన్నెల వేసిన. కింద గీరుకున్న ముక్కలు గూడ ఏరిన. ఇంక ఏం మిగలకుండ.

బుచ్చయ్య చేతిల జమ్మి ఆకు అట్లనే ఉన్నది. "అన్నా" అన్నడు. పెత్తర అమాస నాడు అన్నట్టే.

"రేపు రా. చేసేటివన్ని చేద్దం. వాని ఎద్దు కోసం వాడు ఆగిండు, గది నలుగురికి చెప్పు. ఇంకొక మాట. ఆండాలు గాజుల కాడికి ఎవరూ రావద్దు. ఉంచుకుంటదా, తీస్తదా, ఆమె ఇష్టం. పగలగొడతమని వచ్చెటోళ్లకు చెప్పు, గడపల నేను కూసుంట."

"ఊరేమంటది బావా?" అని కాటమ్మ, మెల్లగ.

"ఊరు పదొద్దులకెల్లి అంటనే ఉన్నది. నేను ఇన్ననా?"

కాటమ్మ పళ్ళెం కోసం చెయ్యి చాపింది. నర్సి నా కండువ గుంజింది.

"తాతా, ఖాళీ పళ్ళెం పంపొద్దంటివి గద. గరిజెలు గిన్ని ఉన్నయి గద."

"ఇయ్యాల పంపాలె బిడ్డా."

ఇచ్చిన. కాటమ్మ దాన్ని కొంగుతో కప్పుకొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చాతికి పట్టుకొని పోయింది. మూలమలుపు తిరిగేదాక చూసిన. బుచ్చయ్య పోలె. అరుగు మీద నా పక్కన కూసున్నడు.

లోపల గాజుల సప్పుడు అయితున్నది. గిన్నెలు తోముతున్నది. నా కోసం కాదు, పని కోసం.

ఇందుల తప్పులున్నయేమో. ఉండనియ్యి. దిద్దేటోడు లేడు.